ప్రార్థనలో ఆగిపోయిన పేరు

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. పద్నాలుగు నెలల క్రితం మా అన్నయ్య రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. చాలా రోజులు నిద్ర లేదు, ఆఫీసు పని కూడా చెయ్యలేకపోయాను. స్నేహితురాలి బలవంతం మీద కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. నిజంగానే కొంచెం తేరుకున్నాను. కానీ ఇప్పుడు ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. చిన్నప్పటి నుంచి రోజూ పడుకోబోయే ముందు ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు. ఈ మధ్య సైకాలజీ గురించి చదువుతున్నాను. దేవుడంటే మనిషి పెద్దయ్యాక కూడా వదులుకోలేని తండ్రి నీడేనని ఫ్రాయిడ్ అన్నాడట. అది చదివినప్పటి నుంచి కళ్ళు మూసుకుంటే ప్రార్థన రావడం లేదు. ప్రార్థన చేస్తున్న నన్ను నేనే పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటోంది. అమ్మేమో ‘నమ్మకం ఉన్నదానివైతే ఆ కౌన్సెలర్ ఎందుకు?’ అంటుంది. బంధువులు ‘ఏదో కారణం ఉండే ఉంటుంది, అంతా మంచికే’ అంటారు. వింటే ఒళ్ళు మండుతోంది. కౌన్సెలర్ దగ్గర దేవుడి మాట ఎత్తాలంటే నాకే బిడియం. సైకాలజీ దేవుడికి వ్యతిరేకమా? రెండింట్లో ఒకటి వదిలెయ్యాలా? నా ప్రార్థన నా మనసు ఆడే ఆటేనా? ఇంట్లో అందరి పేర్లూ వరసగా చెప్పి చల్లగా చూడమని అడిగేదాన్ని. ఇప్పుడు అన్నయ్య పేరు దగ్గరికి వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియక ఆగిపోతున్నాను.

— పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మీ మూడు ప్రశ్నలే కనిపించాయి. రెండోసారి చదువుతూ చివరి వాక్యం దగ్గర నేనూ ఆగిపోయాను. దాని దగ్గరికి చివర్లో వస్తాను. ముందు అడిగినవాటికి జవాబు చెప్పాలి. అవి ఉబుసుపోక అడిగిన ప్రశ్నలు కావు.

అన్నిటికన్నా ముందు ఒక మాట. కౌన్సెలింగ్ మానకండి. నిద్ర మళ్ళీ పూర్తిగా పోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చినా ఆలస్యం చెయ్యకుండా సైకియాట్రిస్ట్‌ని కలవండి. ప్రార్థన కూడా మానకండి. రెండూ ఎందుకు మానక్కర్లేదో ఇప్పుడు చెబుతాను.

సైకాలజీ అన్న మాటనే చూడండి. గ్రీకులో ‘సైకీ’ అంటే ఊపిరి, ప్రాణం, ఆత్మ. మన ప్రాణం కూడా మొదట ఊపిరే కదా. అంటే పేరును బట్టి ఇది ఆత్మ గురించిన విచారణ. మనం మామూలుగా మాట్లాడుకునే తెలుగులోనూ మీరు భయపడుతున్న గోడ లేదు. ‘మనసు బాగోలేదు’ అని డాక్టర్‌తో చెప్పుకుంటాం. ‘మనసు నిలవడం లేదు’ అని ప్రార్థనలో బాధపడతాం. రెండు చోట్లకీ మోసుకెళ్ళేది ఒకే మనసుని.

ఈ శాస్త్రంలోకి కొలతలు తెచ్చిన మనిషి గుస్టావ్ ఫెక్నర్. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్, ఒక పాస్టర్ కొడుకు. వెలుగును చూసి కళ్ళు మూసుకున్నాక కూడా కాసేపు రంగుల మరకలు నిలుస్తాయి చూడండి, ఆయన వాటి మీద పరిశోధన చేసేవాడు. రంగుటద్దాల్లోంచి సూర్యుణ్ణి చూసి చూసి 1840 ప్రాంతంలో కళ్ళు పాడుచేసుకున్నాడు. వెలుతురు భరించలేక చీకటి గదిలో ఉండిపోయాడు. తిండి సయించలేదు. ఆలోచనలు తన అదుపు తప్పాయి. దాదాపు మూడేళ్ళు అలా గడిచాక, 1843లో తోటలోకి అడుగుపెట్టాడు. పువ్వులు లోపలి నుంచి వెలుగుతున్నట్టు కనిపించాయి ఆయనకి. మొక్కలకీ ఆత్మ ఉంటుందని 1848లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 1850 అక్టోబర్ 22 ఉదయం ఇంకా పక్క దిగకముందే ఆయనకి ఒక ఆలోచన తట్టింది. బయటి దెబ్బ ఎంత బలంగా ఉందో, లోపల అది ఎంతగా తెలుస్తుందో, ఈ రెండింటికీ మధ్య లెక్క కట్టవచ్చని. పదేళ్ళ తర్వాత, 1860లో, అది పుస్తకమైంది. ప్రయోగాల సైకాలజీకి అది పునాది. ఆయన ఆ లెక్క వేసింది ఆత్మ లేదని చూపించడానికి కాదు. శరీరమూ ఆత్మా ఒకే దానికి రెండు ముఖాలని చూపించడానికి.

అదే లైప్‌జిగ్‌లో 1879లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టాడు. సైకాలజీ పుట్టినరోజు అని పాఠ్యపుస్తకాలు చెప్పే సంవత్సరం అదే. వుంట్ కూడా పాస్టర్ కొడుకే. (తర్వాతి తరంలో కార్ల్ యుంగ్ తండ్రీ పాస్టరే. ఇంతమంది అలాంటి ఇళ్ళ నుంచి రావడం కాకతాళీయమని నేను అనుకోను. చిన్నప్పుడు భోజనాల దగ్గర ఆత్మ గురించి విన్న పిల్లలు పెద్దయ్యాక దాన్నే వేరే దారిలో వెతికారు.) ప్రయోగశాలలో కొలవగలిగేవి కొన్నే అని వుంట్‌కి బాగా తెలుసు. అందుకే 1900 నుంచి 1920లో చనిపోయేదాకా భాష, పురాణగాథలు, మతం, ఆచారాల మీద పది సంపుటాలు రాశాడు. పాఠాల్లో ఆయన ప్రయోగశాల గురించి ఒక పేజీ ఉంటుంది. ఈ పది సంపుటాల గురించి ఒక్క వాక్యం ఉంటే గొప్ప.

ఇక విలియం జేమ్స్. మీకు బాగా దగ్గరయ్యే మనిషి ఈయనే, అందుకని కాస్త తీరుబడిగా చెబుతాను.

అమెరికాలో సైకాలజీకి ఆద్యుడైన జేమ్స్‌ని మతానుభవాల మీద వరస ఉపన్యాసాలు ఇమ్మని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం పిలిచింది. 1901, 1902ల్లో ఇచ్చాడు, 1902లోనే పుస్తకంగా వచ్చాయి. అందులో ఒకచోట, తనకు తెలిసిన ఒక ఫ్రెంచి వ్యక్తి రాసినదంటూ ఒక ఉత్తరం ఇస్తాడు. ఆ వ్యక్తి ఒక సాయంత్రం మునిమాపు వేళ ఏదో వస్తువు తెచ్చుకుందామని గదిలోకి వెళ్తాడు. చీకట్లోంచి వచ్చి మీద పడినట్టు, తన ఉనికి మీదే ఒక భయం ముంచుకొస్తుంది. అదే క్షణంలో ఎప్పుడో పిచ్చాసుపత్రిలో చూసిన ఒక కుర్రాడు కళ్ళ ముందు మెదులుతాడు. నల్లని జుట్టు, పచ్చబారిన చర్మం. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, వాటి మీదుగా ముతక చొక్కా లాక్కుని, రోజంతా బల్ల మీద కదలకుండా కూర్చునే కుర్రాడు. ‘నేనూ అలా కావచ్చు, నన్ను కాపాడేది నా దగ్గర ఏమీ లేదు’ అనిపిస్తుంది. ఆ తర్వాత ప్రతి ఉదయం కడుపులో భయంతోనే మెలకువ. చుట్టూ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఎప్పుడూ నవ్వుతూ ఉండే తన తల్లి, ఇంత అగాధం పక్కన ఇంత నిశ్చింతగా ఎలా బతుకుతున్నారా అని ఆశ్చర్యపోతాడు. బైబిల్లోని కొన్ని వాక్యాలను పట్టుకుని వేలాడకపోయి ఉంటే నిజంగానే మతి పోయేదని రాస్తాడు.

ఆ ఫ్రెంచి వ్యక్తి ఎవరూ లేరు. అది తన కథేనని తర్వాత జేమ్సే తన అనువాదకుడికి ఒప్పుకున్నాడు.

మీ కళ్ళతో చూస్తే ఇందులో రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, అంత పెద్ద మనిషికి కూడా ఆ మాట సొంత పేరుతో చెప్పడానికి బిడియమే అయింది. రెండు, ఆయన కోలుకోవడంలో ప్రార్థన వాక్యాలూ ఉన్నాయి, ఆలోచనా ఉంది. 1870 ఏప్రిల్ 30న డైరీలో ఒక నిర్ణయం రాసుకున్నాడు: మనిషికి స్వేచ్ఛ ఉందని నమ్మడమే స్వేచ్ఛగా తాను చేసే మొదటి పని అని. అప్పటికే ఆయన పట్టా ఉన్న డాక్టరు. శరీరం గురించి తెలిసినవాడు కాబట్టే, శరీరాన్ని చూపించి ఆత్మను కొట్టిపారేసేవాళ్ళకి ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ నచ్చుతుంది. భక్తుడి భక్తికి కారణం వాడి కాలేయంలో ఉందని మీరంటే, నాస్తికుడి నాస్తికత్వానికీ కారణం కాలేయంలోనే ఉండాలి కదా? ఒకరి నమ్మకాన్ని దాని పుట్టుక చూపించి కొట్టేస్తే, రెండోవారిదీ అలాగే పోతుంది. నమ్మకాన్ని వేళ్ళను బట్టి కాదు, పండ్లను బట్టి చూడాలన్నది ఆయన పద్ధతి. ఏ ఒక్క మతానికీ ఆయన కట్టుబడలేదు. ఆ పుస్తకంలో క్రైస్తవ సాధువులతో పాటు సూఫీలూ ఉన్నారు, వివేకానందుడి రాజయోగం నుంచి తీసుకున్న మాటలూ ఉన్నాయి.

మరి సైకాలజీకి దేవుడంటే పడదన్న పేరు ఎలా వచ్చింది? చాలా వరకు జేమ్స్ తర్వాతి రోజుల్లో. 1913లో జాన్ వాట్సన్ ఒక వ్యాసం రాశాడు. బయటికి కనిపించే ప్రవర్తన ఒక్కటే శాస్త్రానికి పనికొస్తుందన్నాడు. ఆత్మ ఎప్పుడో పోయింది, ఈసారి స్పృహ అన్న మాట కూడా పోయింది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాల పాటు అదే గాలి. ఆ గాలిలో చదువుకున్నవాళ్ళకి ప్రార్థన గురించి అడగడం అనాగరికంగా తోచేది.

ఇక ఫ్రాయిడ్. మీ మనసులో ముల్లు నాటింది ఆయనే కాబట్టి ఆయన మాటను తేలికచేసి పారెయ్యను. 1927లో మతం గురించి ఒక చిన్న పుస్తకం రాసి, దానికి ‘ఒక భ్రమ భవిష్యత్తు’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మీరు చదివింది ఆ వాదం సారాంశమే. పసివాడిగా ఉన్నప్పుడు తండ్రి నీడలో దొరికిన భద్రతను మనిషి పెద్దయ్యాక ఆకాశంలో వెతుక్కుంటాడని. కానీ సారాంశాలు చెప్పేవాళ్ళు ఒక ముక్క వదిలేస్తారు. భ్రమ అంటే అబద్ధం అని తన ఉద్దేశం కాదని ఫ్రాయిడ్ ఆ పుస్తకంలోనే చెప్పాడు. కోరిక బలంగా పనిచేసిన నమ్మకాన్ని ఆయన భ్రమ అన్నాడు. ఒక మామూలు ఇంటి అమ్మాయి తనను రాజకుమారుడు వచ్చి పెళ్ళిచేసుకుంటాడని కలగనవచ్చు. అది భ్రమే. కానీ అలాంటి పెళ్ళిళ్ళు అప్పుడప్పుడు జరిగాయని కూడా ఆయనే రాశాడు. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు, అది దాచుకోలేదు. అయినా కోరిక ఉన్నంత మాత్రాన కోరుకున్నది లేకుండా పోదని ఆయనకు తెలుసు.

ఆయనకు ఆస్కార్ ఫిస్టర్ అని ఒక స్నేహితుడు ఉండేవాడు. జూరిచ్‌లో పాస్టర్, సైకోఎనాలిసిస్ కూడా చేసేవాడు, అంటే మాటల ద్వారా మనసు లోతుల్లోకి చూసే ఫ్రాయిడ్ చికిత్సా పద్ధతి. 1909లో మొదలైన వాళ్ళ ఉత్తరాలు 1939లో ఫ్రాయిడ్ పోయేదాకా నడిచాయి. మతం మీద ఫ్రాయిడ్ పుస్తకం వచ్చాక ఫిస్టర్ దానికి జవాబుగా ఒక వ్యాసం రాసి, ఫ్రాయిడ్ పెట్టిన పేరునే తిరగేసి ‘ఒక భవిష్యత్తు భ్రమ’ అని పెట్టాడు. ఆ జవాబును ప్రచురించమని ప్రోత్సహించింది ఫ్రాయిడే. 1928లో ఫ్రాయిడ్ నడిపే పత్రికలోనే అచ్చయింది. తమ పద్ధతి మతానికి అనుకూలమూ కాదు, వ్యతిరేకమూ కాదు, బాధపడేవాళ్ళకు సాయం చేసే ఒక పనిముట్టు, దాన్ని పాస్టరూ వాడవచ్చు అని 1909లోనే ఫిస్టర్‌కి రాశాడాయన. మీ మొదటి ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

మూడో ప్రశ్న మిగిలింది: నా ప్రార్థన నా మనసు ఆడే ఆటేనా? దీనికి మీ అన్నయ్యనే అడ్డం పెట్టుకుని చెబుతాను, ఏమీ అనుకోకండి. మీకూ అన్నయ్యకూ మధ్య ఉన్న ప్రేమ ఎలా పుట్టిందో సైకాలజీ చెప్పగలదు. ఒకే ఇంట్లో పెరగడం, భయమేసినప్పుడు ఒకరి దగ్గరికి ఒకరు పరుగెత్తడం, ఆ దగ్గరితనం మెదడులో ఒక అలవాటుగా స్థిరపడటం. జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్ ఈ బంధాల మీద మూడు పెద్ద సంపుటాలు రాశాడు. మొదటిది 1969లో వచ్చింది. మూడోది పూర్తిగా పోగొట్టుకోవడం గురించే. అవన్నీ చదివాక మీ అన్నయ్య ఊహ అయిపోతాడా? ఆయన నిజంగా ఉన్నాడు. మీరు ఆయన్ని ప్రేమించడానికి కారణాలు దొరికినంత మాత్రాన ఆయన ఉండకుండా పోలేదు. ప్రార్థనా అంతే. మీరు దేవుడి వైపు ఎలా తిరుగుతారో, అప్పుడు మీ ఊపిరి ఎలా నెమ్మదిస్తుందో సైకాలజీ చెప్పగలదు. అటువైపు ఎవరైనా ఉన్నారా అన్నది దాని చేతిలో లేదు. ఉన్నారని చెప్పే సైకాలజిస్టూ, లేరని చెప్పే సైకాలజిస్టూ ఆ మాట అనే క్షణంలో తన శాస్త్రం గడప దాటి మాట్లాడుతున్నట్టే.

మిమ్మల్ని మీరే పక్కన నిలబడి చూసుకోవడం గురించి. మెట్లు దిగుతూ ‘ఇప్పుడు ఏ కాలు వేస్తున్నాను’ అని ఆలోచిస్తే తడబడతాం. అలాంటిదే ఇది. నమ్మకం పోయిందనడానికి ఇది గుర్తు కాదు. మీ ప్రశ్నలకు పగలు ఒక వేళ పెట్టుకోండి, ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రాత్రి ప్రార్థన పొడవు తగ్గించండి. లోలోపల కాకుండా పైకి, మీ చెవికి వినపడేలా చెప్పండి. నోరు పనిలో ఉంటే కాపలా కాసే మనసు కొంచెం నెమ్మదిస్తుంది. ఇది కొందరికి చెప్పి చూశాను, పనిచేసింది.

అమ్మగారి సంగతి. నమ్మకం గట్టిగా ఉన్నవాళ్ళకి ఇలాంటి సాయం ఎందుకన్న మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. ఒక చరిత్ర ఉంది, కుదిరితే ఆవిడకి చెప్పండి. 1790లో ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో హన్నా మిల్స్ అనే వితంతువు అక్కడి పిచ్చాసుపత్రిలో చనిపోయింది. ఆవిడ క్వేకర్ అనే క్రైస్తవ సమాజానికి చెందినది. చూడటానికి వెళ్ళిన తమ సమాజం వాళ్ళని లోపలికి రానివ్వలేదు. ఆ బాధతో విలియం ట్యూక్ అనే తేయాకు వ్యాపారి, తోటి క్వేకర్లతో కలిసి, 1796లో ఒక ఆశ్రయం తెరిచాడు. గొలుసులు లేవు, కొట్టడాలు లేవు. తోట పని, మాటా మంచీ, మర్యాద. మానసిక రోగుల్ని మనుషుల్లా చూడటం నేర్పిన తొలి చోట్లలో అదొకటి. కట్టింది దేవుణ్ణి నమ్మినవాళ్ళే. ప్రార్థన ఉండగా ఇది ఎందుకు అని వాళ్ళు అనుకోలేదు. ప్రార్థన చేసేవాళ్ళం కాబట్టే ఇది చెయ్యాలి అనుకున్నారు.

అయితే చరిత్ర చెప్పి అమ్మగారిని ఒప్పించాలని చూడకండి. ఆవిడ కొడుకుని పోగొట్టుకున్నారు. ‘కౌన్సెలర్ ఎందుకు?’ అన్న మాటలో ‘నాతో చెప్పుకోకుండా బయటివాళ్ళతో ఎందుకు చెప్పుకుంటున్నావు?’ అన్నది కూడా ఉండొచ్చు. నాకైతే అలా వినిపించింది.

‘అంతా మంచికే’ అనే బంధువుల మాటకి మీ ఒళ్ళు మండటం సహజం. అది విశ్వాసం లోపించడం కాదు. బాధకు అర్థం వెతకడం గురించి విక్టర్ ఫ్రాంకిల్ కన్నా ఎక్కువగా మాట్లాడిన సైకియాట్రిస్ట్ లేడు. వియన్నా యూదుడు. 1942లో భార్యతో, తల్లిదండ్రులతో సహా నాజీల నిర్బంధంలోకి వెళ్ళాడు. 1945లో బయటపడేసరికి ముగ్గురూ లేరు. ఔష్విట్స్ అనే నాజీ మరణశిబిరానికి వెళ్ళినప్పుడు తన జీవితకాలపు పుస్తకం రాతప్రతిని కోటులో దాచుకుని ఉన్నాడు. ఆ కోటు లాగేసుకుని, చంపేసిన ఇంకో ఖైదీ పాత కోటు ఇచ్చారు. జేబులో చెయ్యి పెడితే రాతప్రతికి బదులు చిరిగిన ఒక కాగితం తగిలింది. హీబ్రూ ప్రార్థన పుస్తకంలోని పేజీ అది. రోజూ పొద్దునా సాయంత్రం యూదులు చెప్పుకునే ప్రార్థన. తన ఆలోచనలను కాగితం మీద పెట్టడం కాదు, ఇక బతికి చూపించమని చెబుతున్నట్టు తోచిందని రాశాడు.

అంతటి మనిషి కూడా బాధ మంచిదనలేదు. తప్పించగలిగిన బాధను భరించడం గొప్పతనమేమీ కాదని స్పష్టంగా చెప్పాడు. తప్పించలేని చోట, దాన్ని మోసే తీరులో మనిషి అర్థం కనుక్కోగలడు అన్నాడు. కనుక్కోవాల్సింది ఆ మనిషే. పక్కవాళ్ళు తెచ్చి చేతిలో పెట్టలేరు. మీ అన్నయ్య చావుకి ఒక అర్థం ఉందని ఎవరూ మీకు చెప్పక్కర్లేదు, మీరు ఒప్పుకోనూ అక్కర్లేదు. అన్నయ్య లేని మీ జీవితంలో మీకు అర్థం కనిపించవచ్చు. అది వేరే విషయం, దానికి గడువేమీ లేదు.

కౌన్సెలర్ దగ్గర మీ బిడియం గురించి. ఒక సంగతి చెబుతాను, ఇన్నేళ్ళయినా నన్ను వదలని సంగతి. నేను కౌన్సెలర్‌గా పని మొదలుపెట్టిన కొత్తలో, భార్య పోయిన ఒకాయన వచ్చేవాడు. మూడోసారి వచ్చినప్పుడు మాటల మధ్యలో ‘నిన్న ప్రార్థనలో ఆమె గురించి దేవుడితో గొడవపడ్డాను’ అన్నాడు. నేను రాసుకుంటున్న పెన్ను ఆపి, ‘నిద్ర ఎలా ఉంటోంది?’ అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఒళ్ళో ఉన్న చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత నిద్ర గురించి చెప్పాడు. ఎన్ని గంటలకు పడుకుంటాడో, ఎన్నిసార్లు లేస్తాడో, అంతా వివరంగా. ఆ గొడవ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. తలుపు మూసింది నేను. నాకు నేర్పిన చదువులో ఆ తలుపు గురించి ఎవరూ చెప్పలేదు, కానీ అది సాకు కాదు.

ఇప్పుడు చాలామంది కౌన్సెలర్ల చదువు అలా లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1994లో తెచ్చిన, మానసిక రుగ్మతలను గుర్తించడానికి డాక్టర్లు వాడే మాన్యువల్‌లోనే మతపరమైన, ఆధ్యాత్మికమైన సమస్యలకు ఒక చోటు ఇచ్చారు. జబ్బుగా కాదు, శ్రద్ధగా వినాల్సిన విషయంగా. ‘దేవుడు నన్ను వదిలేశాడా’ అన్న బాధను కొలిచి, అర్థంచేసుకునే ప్రశ్నావళులు కెనెత్ పార్గమెంట్ లాంటి పరిశోధకులు తయారుచేశారు. కాబట్టి మీరు చెబితే మీ కౌన్సెలర్ వింటారనే నా నమ్మకం. ‘నేను ప్రార్థన చేసేదాన్ని, ఈ మధ్య అది రావడం లేదు, దాని గురించి ఇక్కడ మాట్లాడవచ్చా?’ అంటే చాలు. ఆ మాట విని వాళ్ళు మొహం చిట్లించినా, దేవుణ్ణి వదిలేస్తే బాగుపడతావన్నా, కౌన్సెలర్‌ని మార్చండి. నమ్మకం పెంచుకుంటే కౌన్సెలింగ్ అక్కర్లేదని మతం వైపు నుంచి ఎవరన్నా చెప్పినా అదే వర్తిస్తుంది.

ఇప్పుడు మీ చివరి వాక్యం.

ఫ్రాయిడ్ మాట వల్లే మీ ప్రార్థన ఎండిపోయిందని మీరు అనుకుంటున్నారు. ఉత్తరం చదివితే నాకలా అనిపించలేదు. మీ ప్రార్థన పేర్ల వరస. ఆ వరసలో ఒక పేరు దగ్గర రోజూ ఆగిపోతున్నారు. చెబితే అబద్ధం చెప్పినట్టు, దాటేస్తే అన్నయ్యని ఇంట్లోంచి పంపేసినట్టు. రోజూ రాత్రి ఆ చోటికి నడిచి వెళ్ళాల్సి వస్తే ఎవరి మనసైనా పక్కకు జరిగి నిలబడుతుంది. ఫ్రాయిడ్ వాదం దానికి ఒక పేరు ఇచ్చింది అంతే. దేవుడు ఉన్నాడా లేడా అని తర్కించుకోవడం, ఆ పేరు పలకడం కన్నా తేలిక.

చనిపోయినవాళ్ళ మీద పెట్టుకున్న బంధాన్ని మనసు ఒక్కో జ్ఞాపకం చొప్పున మెల్లగా విడిపించుకుంటుందని 1917లో రాసింది కూడా ఫ్రాయిడే. అది చదివి ‘మర్చిపోవడమే కోలుకోవడం’ అని తరాల తరబడి డాక్టర్లు అనుకున్నారు. తర్వాత 1920 జనవరిలో ఆయన కూతురు సోఫీ ఫ్లూతో చనిపోయింది. ఆమెకు 26 ఏళ్ళు. 1929 ఏప్రిల్‌లో, కొడుకుని పోగొట్టుకున్న బిన్స్‌వాంగర్ అనే మిత్రుడికి ఫ్రాయిడ్ ఉత్తరం రాస్తూ, బతికి ఉంటే ఈ రోజుకి తన కూతురికి 36 ఏళ్ళు వచ్చేవని గుర్తుచేసుకున్నాడు. తీవ్రమైన దుఃఖం తగ్గుతుంది, కానీ ఆ ఖాళీ పూర్తిగా ఎన్నటికీ నిండదు, నిండకపోవడమే సరైనది, వదులుకోవడం ఇష్టంలేని ప్రేమను నిలుపుకోవడానికి అదొక్కటే దారి అని రాశాడు. దేవుణ్ణి నమ్మని మనిషి, తొమ్మిదేళ్ళ తర్వాత కూడా, కూతురి వయసు లెక్కపెట్టుకుంటున్నాడు. 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే పరిశోధకులు ఇదే సంగతిని శాస్త్రంగా ముందుకు తెచ్చారు. పోయినవాళ్ళతో బంధం తెంచుకోవడం కాదు, దాని రూపం మార్చుకుని కొనసాగించడం చాలామందికి ఆరోగ్యకరంగానే జరుగుతుందని.

కాబట్టి ఈ రాత్రి వరసలో అన్నయ్య పేరు వచ్చినప్పుడు దాటెయ్యకండి. చల్లగా చూడమని అడగాలా, ఇంకేమైనా అనాలా అని వెతుక్కోకండి. పేరు పైకి చెప్పండి. ఏడుపొస్తే రానివ్వండి. తర్వాతి పేరుకి వెళ్ళండి. వచ్చేసారి కౌన్సెలర్‌ని కలిసినప్పుడు ఫ్రాయిడ్ కన్నా ముందు ఈ సంగతి చెప్పండి. ఇంట్లో మాట్లాడుకునే వీలు దొరికిన రోజున, అమ్మగారిని అడగండి, ఆవిడ తన ప్రార్థనలో ఆ పేరు దగ్గర ఏం చేస్తున్నారో.